పదకొండు గుండీల కోటు

రోజుకి పద్నాలుగు వందల కాజాలు కుట్టే మనిషి, తన కోటుకున్న పదకొండు గుండీలు పెట్టుకోలేక ఆలస్యమై గేటు బయట నిలబడిపోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. హాజరు పుస్తకంలో ఆమె పేరుకెదురుగా మూడు ఎర్ర గుర్తులు పడ్డాయి. నాలుగోది పడితే మిషను మీంచి లేపి ఇస్త్రీ బల్లల దగ్గరికి పంపుతారు. ఇస్త్రీ అంటే ఎనిమిది గంటలు నిలబడే పని. పావుగంట నిలబడితే మోకాళ్లు ఉబ్బిపోయే మనిషిని అక్కడికి పంపడమంటే పొమ్మనలేక పొగబెట్టడమే.

ఆమెను అందరూ కాజాలక్క అంటారు. స్కూలు పిల్లల చొక్కాలు కుట్టే ఆ వర్క్‌షాపులో పదహారేళ్లుగా కాజాల మిషను ఆమెదే. కాజా అంటే గుండీ దూరే చిల్లు. చిల్లే కదా అని తీసిపారేసేవాళ్లు ఒక్కటి కుట్టి చూడండి. నూలుపోగంత అటైతే గుండీ దూరదు, ఇటైతే నిలవదు. పదహారేళ్లలో ఆమె కాజా తప్పిందని ఒక్క చొక్కా తిరిగి రాలేదు.

రెండేళ్ల కింద కీళ్లవాపు పట్టుకుంది. ఒళ్లే ఒంటిమీద కత్తిగట్టే జబ్బు. డాక్టరు మందులు రాసి, ఉన్నమాట చెప్పాడు. "ఇది పోయేది కాదమ్మా. నీ ఒంట్లో సత్తువ మున్సిపాలిటీ కుళాయిలాంటిదనుకో. రోజుకి కాసేపే వస్తుంది. ఆ కాసేపట్లో ఏం పట్టుకుంటావో, దేనికి వాడుకుంటావో నీ ఇష్టం."

ఆ వచ్చే కాసేపు నీళ్లూ కోటుకే సరిపోతున్నాయి. వచ్చిన చిక్కంతా అదీ.

కూర్చుని చేసే పనికి ఆమెకు ఢోకా లేదు. చొక్కాను మిషను కిందికి జరపడానికి అరచెయ్యి చాలు, వేళ్లతో పనిలేదు. కానీ పొద్దున లేచేసరికి వేళ్లు కర్రల్లా బిగుసుకుని ఉంటాయి. ఆ వేళ్లతో లోపలి చొక్కాకి అయిదు గుండీలు, ప్యాంటు బొందు ముడి, బూట్ల లేసులు, టోపీ వెనకాల రెండు తాళ్లు. వాటన్నిటి మీద వర్క్‌షాపు యూనిఫారం కోటు, పదకొండు గుండీలు. ఇవన్నీ అయ్యేసరికి గంటన్నర. అప్పటికి మనిషి పిండేసిన గుడ్డ. బస్సు దాకా నడవాలి, దిగాక గేటు దాకా నడవాలి. సరిగ్గా ఏడింటికి గేటు మూస్తారు.

గేటు పక్కన గోడ మీద బోర్డు ఉంది: "కోటు గుండీలన్నీ పెట్టుకొని మాత్రమే లోపలికి రావలెను." ఎప్పుడో ఎవరిదో కోటు కొస మిషను చక్రంలో ఇరుక్కుని చెయ్యి లాగేసిందట. అందుకని పెట్టారు. మంచి కారణమే. కానీ బోర్డు రాసినవాడి వేళ్లు బాగానే ఉండి ఉంటాయి. లోపలికొచ్చాక వేసుకుంటానంటే సూపర్వైజరు ఒప్పుకోడు. అతన్ని చాటుగా రూళ్లకర్ర అంటారు. చెడ్డవాడేం కాదు. వంగడం రాదు, అంతే.

మూడో ఎర్ర గుర్తు పడిన సాయంత్రం కాజాలక్క ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయింది. వాళ్లాయన పాల వ్యాను నడుపుతాడు, తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లిపోతాడు. పొద్దున ఇంట్లో ఉండేది ఆమె, అత్త. అత్తకి అరవై ఎనిమిదేళ్లు. ఉక్కు మనిషి. నోరు అంతకన్నా ఉక్కు.

"రేపట్నుంచి నేను తొడుగుతాలే," అంది అత్త. "నీ మొగుడికి తొడగలేదా, నీ మరిదికి తొడగలేదా. నీకు తొడగడం ఒక లెక్కా?"

"వాళ్లకప్పుడు మూడేళ్లు అత్తా."

"నువ్వు మాత్రం ఏం పెద్దదానివే? నలభై రెండు."

రెండు రోజులు అలాగే జరిగింది. అత్త చెయ్యి పట్టి లాగి కోటు చేతుల్లోకి దూర్చింది, గడ్డం పైకెత్తి పై గుండీ పెట్టింది, కాలు తన ఒళ్లో పెట్టుకుని లేసు కట్టింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కాజాలక్క ఆరు యాభైకే గేటు దాటింది. అంతా బాగానే ఉంది. మరి మిషను దగ్గర కూర్చున్నాక ఎందుకో చేతులు తనవి కానట్టే అనిపించింది.

మూడో రోజు, శనివారం పొద్దున, పక్కింటావిడ గోడ మీంచి ఏదో అడిగింది. అత్త లోపలి నుంచే కేకేసింది. "ఉండమ్మా, కోడలికి బట్టలు తొడిగి వస్తా."

కాజాలక్క చెయ్యి కోటు చేతిలో సగం దాకా వెళ్లి ఆగింది.

మన భాషలో పసిపిల్లకి బట్టలు తొడుగుతాం. పీనుగకీ తొడుగుతాం. బతికున్న పెద్ద మనిషి తొడుక్కుంటుంది. ఈ రెంటి మధ్య ఉన్నది ఒక్క 'క్కు' మాత్రమే. అది పోతే మనిషి ఇటు పసిపిల్లలోకో అటు రెండోదాంట్లోకో వెళ్లిపోతుంది. ఇదంతా కాజాలక్క ఇలా విడదీసి అనుకోలేదు. ఆమెకు అంత తీరిక లేదు. ఆమె అన్నది ఒక్కటే.

"అత్తా, రేపట్నుంచి వద్దు. నేనే తొడుక్కుంటా."

"ఎందుకే? నొప్పి పెట్టానా?"

"లేదు."

"మరి? ఆవిడ విందనా? ఆవిడ మొగుడికి ఆవిడ పంచె కట్టట్లేదా?"

"ఎల్లుండి నీకు జ్వరం వస్తుందనుకో. నాకు ఎర్ర గుర్తు పడాలా? నువ్వు నీ కూతురింటికి పది రోజులు వెళ్తావు. నేను పది రోజులూ గుడ్డల్లేకుండా కూర్చోవాలా?"

అత్త ముఖం ముడుచుకుంది. "మంచికి పోతే చెడెదురైందని ఊరికే అనలేదు," అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. రోజంతా గిన్నెలు మామూలుకన్నా గట్టిగా చప్పుడు చేశాయి.

ఆదివారం కాజాలక్క అత్తను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. "నేను మొదట్నుంచీ అన్నీ వేసుకుంటా. నువ్వు చెయ్యి వెయ్యకు. ఎన్నిసార్లు లేచానో, ఎన్నిసార్లు వంగానో, ఎన్నిసార్లు చేతులు నెత్తిమీదికి ఎత్తానో లెక్కపెట్టు."

"నాకేం పనిలేదనుకున్నావా?"

"లేదుగా."

అత్త లెక్కపెట్టింది. లేవడం ఏడు, వంగడం అయిదు, చేతులెత్తడం నాలుగు. వేళ్లతో గిల్లి పట్టుకునే పని లెక్కకే అందలేదు. అంతా అయ్యేసరికి కాజాలక్క చెమటలు కక్కుతూ గోడకి జారబడింది. ఆ ముచ్చట మొదలుపెట్టినప్పట్నుంచీ చూస్తూ ఉన్న అత్త మొదటిసారి ఏ సామెతా వెయ్యలేదు.

"ఇన్నా?" అంది.

"ఇన్ని."

అప్పట్నుంచి నరుకుడు మొదలైంది. లోపలి చొక్కా పోయింది.

"కోటు కింద చొక్కా లేకుండానా?" అంది అత్త.

"కోటు కింద ఏముందో ఎవరు చూస్తారు?"

"చూడకపోయినా ఉండాలి."

"ఎందుకుండాలి?"

"ఉండాలి కాబట్టి ఉండాలి."

ఇలాంటి జవాబులు లోకంలో చాలా ఉన్నాయి. వాటి మోతబరువంతా మోసేది మాత్రం కీళ్లనొప్పుల వాళ్లు. చొక్కా స్థానంలో మెత్తటి బనీను వచ్చింది. ప్యాంటు బొందు పీకేసి వెడల్పాటి ఎలాస్టిక్ ఎక్కించింది. సాయంత్రం స్నానం చేసి ఉతికిన బనీను, ప్యాంటు వేసుకుని వాటితోనే పడుకోవడం మొదలుపెట్టింది. పొద్దున వాటి బాధ లేదు. "పెళ్లికూతురు కూడా ముందురోజే తయారై పడుకోదే," అంది అత్త. బూట్ల చిల్లుల్లో లేసులు తీసి సాగే తాడు అల్లేసింది. ఇక కట్టక్కర్లేదు, కాలు దూరిస్తే చాలు. మడమ జారడానికి అత్త వాడే చెక్క గరిటె కొట్టేసింది. దానిమీద చిన్న యుద్ధమే జరిగింది, చివరికి అత్త కొత్త గరిటె కొనుక్కుంది. టోపీ తాళ్లు రెండూ కలిపి కుట్టేసింది, నెత్తిన బోర్లించుకోవడమే. ఇవన్నీ మంచం పక్కనే కుర్చీ మీద, వేసుకునే వరసలో, కిందిది పైన పైది కింద పెట్టుకుంది. లేవకుండానే చెయ్యి చాపితే అందేలాగ.

ఇంక కోటు మిగిలింది.

మొదట అంటుపట్టీ వేసి చూసింది. బరబరమని అతుక్కుని బరబరమని ఊడే పట్టీ. వర్క్‌షాపులో గాలి నిండా దారప్పోగులే. మధ్యాహ్నానికల్లా పట్టీ నిండా నూగు పట్టి, కోటు దానంతటదే తెరుచుకుంది. ఇది పనికిరాదని పీకేసింది.

కటింగ్ బల్ల దగ్గర పనిచేసే కత్తెర బాబాయిని అడిగింది. చేతిసంచులకి మూత పడేటప్పుడు టక్కుమని పట్టుకుంటాయే, ఆ చిన్న అయస్కాంతపు బిళ్లలు ఆయన ఆరు జతలు తెచ్చి ఇచ్చాడు. వాటిని కోటు అంచుల లోపల దాచి కుట్టి, పైన పదకొండు గుండీలూ అలంకారానికి అలాగే ఉంచేసింది. అంచులు దగ్గరికి తెస్తే చాలు. టక్, టక్, టక్. ఆరు టక్కుల్లో కోటు మూసుకుపోయింది.

ఆ తర్వాతి సోమవారం ఆరు నలభై ఎనిమిదికి గేటు దాటింది. మంగళవారం ఆరు నలభై అయిదుకి. బుధవారం దారిలో ఆగి టీ కూడా తాగింది. మనిషి మొహంలో ఏదో వెలుగు చూసి పక్క మిషను అమ్మాయి అడిగింది. "ఏంటక్కా, లాటరీ తగిలిందా?"

"తగిలింది. రోజుకి గంట."

గురువారం కొంప మునిగింది.

ఆ పక్క మిషను అమ్మాయి పని గుండీలు కుట్టడం. పదకొండింటికి ఆమె సూది విరిగింది. సూది విరగడం మామూలే. కానీ అక్కడ కుట్టేవి పిల్లల చొక్కాలు. విరిగిన సూది ముక్కలన్నీ దొరికి, ఒక కాగితం మీద అతికించి, పూర్తి సూది అయిందని చూపించేదాకా గదిలో ఏ మిషనూ తిరగడానికి వీల్లేదు. రెండు ముక్కలు దొరికాయి. మొన దొరకలేదు.

అరవై మిషన్లు ఆగిపోయాయి. అందరూ లేచి బట్టలు దులుపుకున్నారు, మోకాళ్ల మీద నేల వెతికారు. మూడువందల చొక్కాలు పక్కన పెట్టారు. రూళ్లకర్ర తన పొడుగు కర్ర తీసుకొచ్చాడు. దాని చివర ఇంత అయస్కాంతం కట్టి ఉంటుంది, సూదులు వెతకడానికే. వరస వెంట నేలంతా ఊడ్చుకుంటూ వచ్చాడు. కాజాలక్క దగ్గరికొచ్చి బల్ల మీద చూద్దామని కర్ర ఎత్తాడు.

కర్ర చటుక్కున వెళ్లి ఆమె కోటుకి అతుక్కుంది.

లాగాడు. కోటుతో పాటు కాజాలక్క కూడా ముందుకొచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రూళ్లకర్ర చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"కోటు సార్."

"కోటు నాకూ ఉంది. నా కోటుకి కర్రలు అతుక్కోవు."

గట్టిగా లాగేసరికి టక్ టక్ టక్ మని కోటు పైనుంచి కిందిదాకా తెరుచుకుంది. రెండో బిళ్ల దాచిన చోట గుడ్డ మీద, బియ్యపు గింజలో సగం కూడా లేని సూది మొన మెరుస్తూ కనిపించింది.

గదంతా ఊపిరి వదిలింది. కత్తెర బాబాయి నవ్వాడు. "దొరికింది కదయ్యా. మా కాజాలక్క కోటు లేకపోతే సాయంత్రం దాకా నేల నాకేవాళ్లం."

రూళ్లకర్ర నవ్వలేదు. "ఇవి గుండీలు కావు. గుండీల వేషం. బోర్డు చదివావా నువ్వు?"

"చదివా సార్. గుండీలన్నీ పెట్టుకొని రావాలని ఉంది. పదకొండూ పెట్టుకునే ఉన్నా, లెక్క చూసుకోండి. కాజాల్లోంచి దూర్చుకొని రావాలని ఎక్కడుంది?"

"పెట్టుకోవడమంటే దూర్చుకోవడమే."

"అలాగా?" అన్నాడు కత్తెర బాబాయి. "నేను కళ్లజోడు పెట్టుకున్నా. దేంట్లోంచి దూర్చానంటావు?"

ఈసారి గదంతా నవ్వింది. ఆ నవ్వు కాజాలక్కకి సాయం చెయ్యలేదు. నవ్వులపాలైన అధికారికి కోపం రెట్టింపవుతుంది. రూళ్లకర్ర నేరుగా వెళ్లి మేనేజరమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

మేనేజరమ్మ కోటు చూసింది, బిళ్లలు చూసింది, సూది మొన చూసింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. అరిచేవాళ్ల కంటే వీళ్లతోనే కష్టం.

"బోర్డులో మాటల సంగతి తర్వాత. ఈ మొన ఇక్కడ కనబడకుండా నీ కోటు మీద ఇంటికి వెళ్లిపోయి ఉంటే?"

"మూడువందల చొక్కాలూ విప్పి వెతికేవాళ్లు మేడమ్."

"దొరికేదా?"

"దొరికేది కాదు."

"మర్నాడు ఇంకోటి అతుక్కుని, అది నీ కోటు మీంచి ఏ చొక్కాలోనో రాలితే?"

పిల్లల మెడలు తెలుసు కాజాలక్కకు. కాలరు కింద ఎంత మెత్తగా ఉంటాయో తెలుసు.

"తప్పే మేడమ్. సూదుల గదిలోకి అయస్కాంతం తేకూడదు. పదహారేళ్లుగా ఇక్కడున్నా, నాకు తట్టి ఉండాల్సింది."

"ఒప్పుకున్నావు, బావుంది. ఇస్త్రీలోకి వెళ్లు, అక్కడ..."

"అయస్కాంతం తప్పు. కోటు మార్చుకోవడం తప్పు కాదు."

మేనేజరమ్మ మాట మధ్యలో ఎవరూ మాట్లాడరు. కాజాలక్క మాట్లాడింది.

"రేపు అయస్కాంతం లేకుండా వస్తా. ఏదీ వేలాడదు, ఏదీ ఊడదు, దేనికీ చిక్కుకోదు. మీ బోర్డు ఎందుకు పెట్టారో ఆ పని జరుగుతుంది. అప్పుడు మిషను నాదేనా?"

"ఏడు లోపల వస్తే."

"వస్తా."

"చూడమ్మా," అంది మేనేజరమ్మ, కాస్త మెత్తబడి. "ఇంట్లో ఎవరితోనైనా వేయించుకుని రావచ్చు కదా. నేనేం అడగను."

"మీరు అడగరు మేడమ్," అంది కాజాలక్క.

బెల్లు కొట్టాక కత్తెర బాబాయి స్కూలు సంచుల తుక్కులోంచి మూరెడు పొడుగు జిప్పు తీసిచ్చాడు. పళ్లు ప్లాస్టిక్కువి. లాగే చోట బొటనవేలు దూరేంత పెద్ద రింగు. బస్సులో ఇంటిదాకా ఆ రింగులో వేలు పెట్టి తీస్తూ కూర్చుంది. గిల్లి పట్టుకోనక్కర్లేదు. వేలు దూరిస్తే చెయ్యి బరువే లాగుతుంది.

ఇంటికొచ్చేసరికి పొద్దు ఇంకా ఉంది. అత్త కథంతా విని మొదట రూళ్లకర్రను తిట్టింది, తర్వాత మేనేజరమ్మను తిట్టింది, ఊపిరి తీసుకుని కోడల్ని కూడా తిట్టింది. తిట్లయ్యాక దగ్గరికొచ్చి కూర్చుంది.

"రేపు ఒక్కరోజు నన్ను తొడగనివ్వు. ఆవిడే చెప్పిందిగా, అడగనని. ఒక్కరోజుకి ఏం పోతుందే?"

"రేపు నువ్వు తొడుగుతావు. ఎల్లుండి కూడా చెయ్యి కావాలనిపిస్తుంది. ఇంక నేను ఈ కోటు ఎప్పటికీ కుట్టను."

"మొండిదానివి."

"మిషను తియ్యి. చక్రం తిప్పగలవా?"

మూలనున్న పాత చేతిమిషను అది. చక్రం తిప్పడానికి కాజాలక్క భుజం ఒప్పుకోదు. అత్త మిషను ముందు చేరి చక్రం పట్టుకుంది, కోడలు గుడ్డ పట్టుకుంది. అత్త కుదురుగా తిప్పదు, కోపమొస్తే గిరగిరా తిప్పుతుంది.

"నెమ్మదిగా అత్తా. పందెం కాదు."

"నీ అంత నెమ్మదిగా తిప్పితే తెల్లారిపోతుంది."

కాజాలక్క ఆలోచన ఇదీ. కోటు ముందు భాగం మొత్తం తెరుచుకోవాల్సిన అవసరం ఏముంది? నడుము కింది నుంచి అంచు దాకా గుండీలతో సహా శాశ్వతంగా కుట్టి మూసేసింది. నడుము నుంచి మెడ దాకా లోపల జిప్పు, దాన్ని కప్పుతూ పైపట్టీ, పట్టీ మీద మిగిలిన గుండీలు గట్టిగా కుట్టినవి. ఊడవు, విప్పుకోవు. చంకల దగ్గర చతురస్రపు అతుకు వేసి చేతులు వదులు చేసింది. కూర్చునే కాళ్లు దూర్చి, లంగాలా తొడల దాకా లాక్కుని, ఒక్కసారి లేచి, చేతులు దూర్చి, రింగు లాగడం. ఒక్కసారే లేవడం.

పదహారేళ్లుగా కాజాలతో బువ్వ తిన్న మనిషి, తన కోటుకి ఒక్క కాజా కూడా మిగల్చలేదు. పదకొండూ కుట్టి పూడ్చేసింది. అందులో ఆమెకేం బాధ లేదు.

వేసి చూసుకుంది. పట్టింది. కానీ అది సాయంత్రం. సాయంత్రం వేళ్లు చెప్పిన మాట వింటాయి. పొద్దున వేళ్ల సంగతి పొద్దున్నే తెలియాలి.

పొద్దున అయిదున్నరకి లేచేసరికి పైన ముసురు. ముసురు పట్టినరోజు కీళ్లు రెండింతలు బిగుస్తాయి. కుడిచెయ్యి గుప్పిట పడలేదు. గోరువెచ్చటి నీళ్లలో పదినిమిషాలు చేతులు ముంచి కూర్చుంది. అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది, వాటిని వదిలేస్తే వాటంతటవే ముందుకొచ్చేస్తాయని తెలుసు కాబట్టి.

మంచం అంచున కూర్చునే కోటులో కాళ్లు దూర్చింది. గరిటెతో మడమలు బూట్లలోకి జార్చింది. కోటు తొడల దాకా లాక్కుంది. మంచం కోడు పట్టుకుని లేచింది. ఎడమచెయ్యి వెళ్లింది. కుడిచెయ్యి మోచెయ్యి దగ్గర ఆగి, చంక అతుకు వదులు దొరికాక వెళ్లింది. రింగులో బొటనవేలు పెట్టి లాగింది.

జిప్పు రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది.

మళ్లీ లాగింది. కదల్లేదు. లోపల దారప్పోగేదో పళ్లలో పడింది. నిన్న చక్రం గిరగిరా తిరిగినప్పుడు వదిలిన పోగు.

"అమ్మాయ్," అంది అత్త.

"వద్దు."

"నేను దారం చూపిస్తా, ముట్టుకోను. ఎడమవైపు. ఇంకొంచెం కింద. అదీ."

కాజాలక్క రింగును కిందికి దించింది. వేళ్లు పట్టవని తెలుసు, అందుకని తల వంచి పోగును పళ్లతో పట్టి కొరికేసింది. మళ్లీ లాగింది. రింగు మెడ దాకా జర్రున వెళ్లింది. దాన్ని కాలరు కింద దోపుకుంది, టోపీ బోర్లించుకుంది, కూర్చుంది.

"ఎంతసేపు పట్టింది?"

అత్త గడియారం వైపు చూసింది. "పదకొండు నిమిషాలు. జిప్పు సతాయించకపోతే ఏడే." కళ్లు తుడుచుకోలేదు. ఆవిడ అలాంటిది కాదు. "వెధవ దారం. నేనే తిప్పానుగా. తిట్టు నన్ను."

"సాయంత్రం తిడతా. బస్సుకి టైమైంది."

గేటు దగ్గర ఆరు యాభై రెండు. రూళ్లకర్ర ఆమె కోసమే చూస్తున్నట్టు అయస్కాంతపు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోటు మీద పైనుంచి కిందికి నడిపాడు. కర్ర దేనికీ అంటలేదు. వంగి, అతను వంగగా అంతవరకూ ఎవరూ చూడలేదు, పదకొండు గుండీలూ ఒక్కొక్కటీ పట్టుకు లాగాడు. ఏదీ రాలేదు. అంచులు పట్టి చూశాడు. ఏదీ వేలాడలేదు.

"ఇవి విప్పుకోవు కదా?" అన్నాడు.

"విప్పుకునేదేముంది సార్? ఇంటికెళ్లి కోటులోంచి దిగుతా."

వెనక వరసలో నలుగురైదుగురు ఆగారు. ఇస్త్రీ బల్లల దగ్గర పనిచేసే నెలలు నిండిన ఒకావిడ కోటు పొట్ట మీద రెండు గుండీలు తెరుచుకుని ఉన్నాయి, చేత్తో దాచుకుంటోంది. ఆవిడ కాజాలక్క కోటు వైపే చూస్తోంది.

మేనేజరమ్మ ఆఫీసు మెట్ల మీంచి దిగి వచ్చింది. కోటును ఒక చుట్టు చూసింది. "ఎవరు కుట్టారు?"

"నేనే. మా అత్త చక్రం తిప్పింది."

"ఎవరు వేశారు?"

నిన్న అడగనన్న మాట ఇవాళ అడిగింది.

"నేనే వేసుకున్నా మేడమ్."

మేనేజరమ్మ తలూపింది. "సరే. మిషను నీదే. వెళ్లు."

కాజాలక్క కదల్లేదు. నిలబడి మాట్లాడడం ఆమెకు ఎంత ఖర్చో అక్కడున్న ఎవరికీ తెలీదు. ఆ ఖర్చు పెట్టడానికే నిర్ణయించుకుంది.

"ఆ మూడు ఎర్ర గుర్తులూ కొట్టేయండి."

"ఎందుకు?"

"నేను నిద్రపోయి ఆలస్యం చేశానా, షికార్లు తిరిగి చేశానా? కోటు వల్ల పడ్డాయి అవి. కోటు మారింది."

"పుస్తకంలో పడ్డవి కొట్టెయ్యను. అలా కొట్టేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగాలి," అంది కాజాలక్క. "అడిగేవాళ్లున్నారు. ఈవిడ పొట్ట మీద గుండీ పడదు, చూడండి. ఈవిడకి కూడా ఇలాంటి కోటు కావాలి. మీరు కుట్టించకపోతే మేం కుట్టుకుంటాం. కుట్టుకుని వేసుకొస్తే గేటు దగ్గర ఆపకూడదు. ఆ మాట ఇవ్వండి, గుర్తులు అలాగే ఉంచుకోండి."

రూళ్లకర్ర మేనేజరమ్మ వైపు చూశాడు. మేనేజరమ్మ నెలలు నిండిన ఆవిడ వైపు చూసింది. ఆవిడ దాచుకుంటున్న చెయ్యి తీసేసింది.

"అయస్కాంతం ఉండకూడదు," అంది మేనేజరమ్మ చివరికి. "వేలాడకూడదు."

"ఉండదు. వేలాడదు."

"సరే."

"అందరూ విన్నారుగా," అంది కాజాలక్క, వెనక వరసతో. "మధ్యాహ్నం అన్నాలయ్యాక నా మిషను దగ్గరికి రండి. కొలతలు తీసుకుందాం. వచ్చేవాళ్లు కుర్చీ ఈడ్చుకుని రండి, నేను నిలబడి చెప్పలేను."

లోపలికి నడిచింది. ఏడుకి ఇంకా మూడు నిమిషాలున్నాయి.